తలుపు తెరిచాక ఏం జరుగుతుంది? ఓపెన్ ఇన్నోవేషన్ వెనక లెక్కలు

క్లుప్తంగా: కొత్త ఆలోచనల కోసం ఒక సంస్థ తన గోడలు దాటి వెతకడం, తన దగ్గర వాడకుండా పడి ఉన్నవాటిని బయటివాళ్ళకు ఇవ్వడం, రెండూ కలిస్తే ఓపెన్ ఇన్నోవేషన్. ప్రభుత్వాలు బహుమతులు, ఉచిత డేటా, చట్టాలు, కొనుగోళ్ళ ద్వారా దీన్ని ప్రోత్సహిస్తాయి. కంపెనీలు తమ సమస్యలను బయటపెడతాయి, పేటెంట్లు వదులుకుంటాయి, స్టార్టప్‌లకు మొదటి కస్టమర్ అవుతాయి. పేరున్న ప్రయత్నాలను వరసగా చూస్తే, బయట ఆలోచనలకు కొరత కనిపించదు. వచ్చినదాన్ని అందుకుని వాడుకలోకి తెచ్చే ఏర్పాటు లోపల ఉందా లేదా అన్న దగ్గరే ఫలితం తేలిపోతోంది.

ఒక పెద్ద కంపెనీ హ్యాకథాన్, అంటే ఒకట్రెండు రోజుల్లో ఒక సమస్యకు పరిష్కారం తయారుచేసే పోటీ, పెడుతుంది. ఒక ప్రభుత్వ శాఖ 'గ్రాండ్ ఛాలెంజ్' ప్రకటిస్తుంది. ఒక టెక్ సంస్థ తన ఏఐ మోడల్‌ను ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చని చెబుతుంది. ప్రకటనల్లో ఈ మూడింటికీ ఒకటే పేరు: ఓపెన్ ఇన్నోవేషన్. మొదటిదాంట్లో బయటివాళ్ళ ఆలోచన లోపలికి వస్తోంది. రెండోదాంట్లో ప్రజల డబ్బుతో ఒక సమస్యకు దారి వెతుకుతున్నారు. మూడోదాంట్లో కంపెనీ తన సొత్తును కొన్ని షరతులతో బయటికి వదులుతోంది. ఎవరి ఖర్చు, ఎవరి రిస్క్, చివరికి హక్కు ఎవరిది అన్నవి మూడింటిలోనూ వేరువేరు. వీటిని ఒకే గాటన కట్టడం వల్లే గందరగోళం.

## మాట ఎక్కడ పుట్టింది

ఈ పేరును వాడుకలోకి తెచ్చింది అమెరికా ప్రొఫెసర్ హెన్రీ చెస్‌బ్రో, 2003లో. ఆయన ప్రత్యేకంగా పరిశీలించిన ఉదాహరణ జిరాక్స్ కంపెనీ 1970లో కాలిఫోర్నియాలో పెట్టిన 'పార్క్' పరిశోధన కేంద్రం. మౌస్‌తో నడిచే కంప్యూటర్ తెర, కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్, లేజర్ ప్రింటర్ లాంటివి రూపుదిద్దుకున్నది అక్కడే. లేజర్ ప్రింటర్ జిరాక్స్‌కు బాగానే కలిసొచ్చింది. మిగతావాటిలో చాలా వరకు ఫొటోకాపీ వ్యాపారంలో ఇమడలేదు. వాటి మీద పనిచేసినవాళ్ళు బయటికి వెళ్ళి త్రీకామ్, అడోబీ లాంటి కంపెనీలు పెట్టారు. ఆ ఆలోచనల విలువ కంపెనీ గోడల అవతలే బయటపడింది.

చెస్‌బ్రో దీన్నుంచి రెండు దారులు చెప్పారు. ఒకటి బయటిది లోపలికి తెచ్చుకోవడం. రెండోది లోపల వాడనిదాన్ని లైసెన్స్ ఇచ్చో, వేరే కంపెనీగా పెట్టించో బయటికి పంపడం. ఇందులో ఏదీ ఉచితం అని ఆయన అనలేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌ను చదివే, మార్చే, పంచే హక్కు అందరికీ ఉంటుంది. ఓపెన్ ఇన్నోవేషన్‌లో అలాంటి హామీ ఏమీ లేదు, పేటెంట్లు మామూలుగానే ఉంటాయి. ఒక కంపెనీ బయటి పరిశోధకుడి నుంచి హక్కులన్నీ కొనేసి తాళం వేసుకున్నా అది ఓపెన్ ఇన్నోవేషనే అవుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

## బహుమతి పెట్టి పిలవడం: 1714 నుంచి 2005 దాకా

పేరు కొత్తదే గానీ పద్ధతి పాతది. 1707లో బ్రిటిష్ నౌకాదళ ఓడలు నాలుగు సిలీ దీవుల దగ్గర రాళ్ళకు కొట్టుకుని మునిగిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రం మీద తాము ఎక్కడున్నామో, ముఖ్యంగా ఏ రేఖాంశం మీద ఉన్నామో నావికులకు కచ్చితంగా తెలిసేది కాదు. 1714లో పార్లమెంటు చట్టం చేసి బహుమతి ప్రకటించింది: రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తేడాతో చెప్పగలిగితే 20,000 పౌండ్లు, డిగ్రీలో మూడింట రెండు వంతుల లోపైతే 15,000, ఒక డిగ్రీ లోపైతే 10,000.

సమస్యను ఎంత తేటగా రాశారో ఇక్కడ గమనించాలి. పద్ధతి ఏదైనా ఫర్వాలేదు, ఫలితం మాత్రం ఇంత కావాలి అన్నారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి రెండు నిమిషాల కాలం తేడా అంటే అర డిగ్రీ. అంటే వారాల తరబడి ఊగే ఓడ మీద, చలిలోనూ ఎండలోనూ, మొత్తం రెండు నిమిషాలు కూడా తప్పని గడియారం ఉంటే చాలు. పండితులు ఆకాశం వైపు చూశారు, చంద్రుడికి నక్షత్రాలకు మధ్య దూరాలు కొలిచే పద్ధతి మీద నమ్మకం పెట్టుకున్నారు. వడ్రంగి పని నేర్చి, సొంతంగా గడియారాలు చేయడం మొదలుపెట్టిన జాన్ హారిసన్ మాత్రం గడియారం వైపే నడిచాడు. ఆయన నాలుగో యంత్రం ఒక పెద్ద జేబు గడియారంలా ఉంటుంది, వ్యాసం 13 సెంటీమీటర్లు. 1761లో జమైకాకు బయల్దేరిన ఓడ మీద, దాని రోజువారీ తేడాను లెక్కలోకి తీసుకున్నాక, 81 రోజుల్లో అది తప్పింది 5 సెకన్లు.

డబ్బు మాత్రం చేతికి రాలేదు. నిర్ణయించే బోర్డు అది అదృష్టం కావచ్చంది. 1764లో బార్బడోస్‌కు రెండో పరీక్ష పెడితే 47 రోజుల్లో తేడా 39 సెకన్లు, చట్టం అడిగినదాని కంటే మూడు రెట్లు మెరుగు. అప్పుడు బోర్డు గడియారాన్ని నిపుణుల ముందు విప్పి, ప్రతి భాగాన్నీ వివరించమంది. 1765లో 10,000 పౌండ్లు ఇచ్చి, మిగతా సగానికి కొత్త షరతులు పెట్టింది. ఆ బోర్డులో కూర్చున్న రాజాస్థాన ఖగోళ శాస్త్రవేత్త నెవిల్ మాస్కెలిన్ చంద్రుడి పద్ధతికి గట్టి మద్దతుదారు. చివరికి రాజు మూడో జార్జ్ జోక్యం చేసుకున్నాక, 1773లో పార్లమెంటు మరో 8,750 పౌండ్లు ఇచ్చింది. అప్పటికి హారిసన్‌కు 80 ఏళ్ళు.

బోర్డు వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. ఒక గడియారం పనిచేసినంత మాత్రాన నౌకాదళానికి ఉపయోగం లేదు, ఇంకొకరు కూడా అలాంటిది చేయగలగాలి. అందుకే లార్కమ్ కెండల్ చేత నకలు చేయించారు. దాన్ని జేమ్స్ కుక్ 1772లో మొదలైన తన రెండో యాత్రలో వెంట తీసుకెళ్ళి మెచ్చుకున్నాడు. హారిసన్‌కు 1737 నుంచే విడతలవారీగా సొమ్ము ఇస్తూ వచ్చింది కూడా ఈ బోర్డే. అన్యాయం ఇంకో చోట జరిగింది: మళ్ళీ తయారుచేయగలగాలన్న షరతును మొదట స్పష్టంగా రాయకుండా, పరీక్ష గెలిచాక ముందుకు తెచ్చారు. నేటి ఛాలెంజ్‌లలో నిబంధనల పత్రం ముందే చర్చించి రాసేది ఇలాంటి అనుభవాల వల్లే.

ఇదే పద్ధతిని అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2004లో వాడిన తీరుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. డ్రైవర్ లేని వాహనం మొహావీ ఎడారిలో 142 మైళ్ళు నడవాలి, గెలిస్తే 10 లక్షల డాలర్లు. ఆ మార్చిలో అన్నిటికంటే ముందుకెళ్ళిన వాహనం నడిచింది 7 మైళ్ళ చిల్లర. బహుమతి ఎవరికీ దక్కలేదు. డార్పా ఓడిపోయామని పక్కన పెట్టలేదు, బహుమతిని 20 లక్షలకు పెంచి మళ్ళీ పిలిచింది. 2005 అక్టోబరులో ఐదు వాహనాలు 132 మైళ్ళ దారిని పూర్తి చేశాయి. స్టాన్‌ఫర్డ్ టీము వాహనం 'స్టాన్లీ' 6 గంటల 54 నిమిషాల్లో మొదట నిలిచింది. ఆ టీముకు నాయకుడైన సెబాస్టియన్ త్రన్ తర్వాత 2009లో గూగుల్ డ్రైవర్‌లెస్ కారు పనిని మొదలుపెట్టారు. బహుమతి సొమ్ము కంటే, ఏడాదిన్నరలో ఒకచోట చేరి ఒకరి తప్పుల నుంచి ఒకరు నేర్చుకున్న ఇంజనీర్ల తరమే ఈ పోటీ మిగిల్చిన ఆస్తి.

ఈ అనుభవాల తర్వాత అమెరికా 2010లో ప్రభుత్వ పోటీలన్నిటికీ ఒకే వెబ్‌సైట్ తెరిచింది. పోటీలు పెట్టే అధికారాన్ని అన్ని ఫెడరల్ సంస్థలకూ ఇస్తూ చట్టమూ చేసింది.

## బహుమతికి బదులు కొనుగోలు హామీ

బహుమతికి ఒక పరిమితి ఉంది. అది కనిపెట్టడానికి డబ్బిస్తుంది, తయారీకి ఇవ్వదు. టీకాల్లాంటి వాటికి ఫ్యాక్టరీ కట్టడమే పెద్ద ఖర్చు. పేద దేశాలు మంచి ధర ఇవ్వలేవన్న భయంతో కంపెనీలు వెనకాడతాయి. 2009లో ఇటలీ, బ్రిటన్, కెనడా, రష్యా, నార్వే ప్రభుత్వాలు, గేట్స్ ఫౌండేషన్ కలిసి న్యుమోనియా లాంటి జబ్బులను ఆపే న్యూమోకోకల్ టీకాకు 150 కోట్ల డాలర్ల ముందస్తు కొనుగోలు హామీ ఇచ్చాయి. టీకా నాణ్యత ప్రమాణాలకు తగ్గట్టుండి, పేద దేశాలు అడిగితేనే డబ్బు విడుదలవుతుంది. ఎవరు తయారుచేసినా అర్హులే. గెలిచిన ఒక్కడికి ఇచ్చే బహుమతి కంటే, నిలకడగా సరఫరా చేసే నలుగురికి ఇచ్చే ధర మేలన్నది ఇక్కడి ఆలోచన.

## డేటా తెరవడం

ప్రభుత్వం చేతిలో ఉన్న చవకైన, చాలాసార్లు అన్నిటికంటే బలమైన సాధనం డేటా. జీపీఎస్ సంకేతాన్ని సాధారణ పౌరులకు కావాలనే మసకబార్చి ఇచ్చే పద్ధతిని అమెరికా 2000 మే నెలలో ఆపేసింది. ఒక్క నిర్ణయంతో పౌరుల రిసీవర్లు చూపే స్థానం పదుల మీటర్ల తేడా నుంచి కొద్ది మీటర్ల తేడాకు వచ్చింది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను 2008లో ఉచితం చేశాక, డబ్బులు కట్టి కొనే రోజుల్లో వేలల్లో ఉండే వాడకం లక్షలకు, కోట్లకు పెరిగింది. అడవుల నరికివేత, పంటల విస్తీర్ణం లాంటివాటిని ఏటేటా పోల్చి చూసే పరిశోధన అప్పటి నుంచే ఊపందుకుంది. మానవ జన్యుపటం ప్రాజెక్టులో శాస్త్రవేత్తలు 1996లో బెర్ముడాలో ఒక నియమం పెట్టుకున్నారు: చదివిన జన్యుక్రమాన్ని 24 గంటల్లో బయటపెట్టాలి. పేటెంట్ల కోసం దాచుకునే వీలే లేకుండా చేసిన నియమమది.

కంపెనీల్లో ఇంత ధైర్యం అరుదు. 2000లో కెనడాలోని రెడ్ లేక్ బంగారు గని యజమాని సంస్థ గోల్డ్‌కార్ప్ అలాంటి పనే చేసింది. 1948 నుంచి పోగుపడిన భూగర్భ సమాచారాన్నంతా, దాదాపు 400 మెగాబైట్లు, ఇంటర్నెట్‌లో పెట్టి, బంగారం ఎక్కడుందో చెప్పమని 5,75,000 డాలర్ల బహుమతులు ప్రకటించింది. గనుల వ్యాపారంలో తవ్వకాల డేటా అంటే గుండెకాయ, అది పోటీదారుల కంటపడనివ్వరు. అయితే ఇక్కడ ఒక లెక్క ఉంది. ఆ భూమి మీద తవ్వే హక్కు గోల్డ్‌కార్ప్‌ది. డేటా ఎవరు చూసినా బంగారం తీసేది తానే. పోటీలో పాల్గొన్నవాళ్ళు చూపిన 110 చోట్లలో సగం కంపెనీ నిపుణులు అనుకోనివి. మొదటి బహుమతి పొందిన ఆస్ట్రేలియా బృందం ఆ గనిలో కాలు పెట్టకుండానే త్రీడీ నమూనా తయారుచేసింది.

ఏది తెరవాలి, ఏది తెరవకూడదు అన్న ప్రశ్నకు ఈ ఉదాహరణలో మంచి జవాబుంది. మనం తెరిచినదాని పక్కన ఇంకెవరి దగ్గరా లేనిదొకటి మన చేతిలో ఉంటే, తెరవడం వల్ల నష్టం తక్కువ.

## కంపెనీల లోపలి ఏర్పాటు

2000లో సబ్బులు, డిటర్జెంట్లు లాంటి ఇంటి సరుకులు తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ షేరు ధర సగానికి పైగా పడిపోయింది. కొత్తగా సీఈఓ అయిన ఏ.జి. లాఫ్లీ ఒక లక్ష్యం పెట్టారు: కొత్త ఉత్పత్తుల్లో సగం బయటి ఆలోచనలతో రావాలి. వాళ్ళ లెక్క సూటిగా ఉంది. కంపెనీలో 7,500 మంది పరిశోధకులున్నారు. అంతే సమర్థులు బయట ఒక్కొక్కరికి 200 మంది, అంటే 15 లక్షల మంది ఉంటారని అంచనా వేశారు.

ఆలుగడ్డ చిప్స్ మీద బొమ్మలు, ప్రశ్నలు అచ్చువేయాలన్న ఆలోచన ఆ రోజుల్లోదే. నూనెలోంచి తీసిన వెంటనే, చిప్ ఇంకా వేడిగా, కాస్త తేమగా ఉన్నప్పుడే అచ్చు పడాలి. ఒక్కటి కాదు, నిమిషానికి వేలల్లో. రంగులు తినదగినవి కావాలి. లోపలే చేస్తే రెండేళ్ళు పడుతుందనుకున్నారు. దానికి బదులు సమస్యను ఒక పేజీలో రాసి తమ పరిచయాల వలయంలో పంపారు. ఇటలీలోని బొలోన్యాలో ఒక చిన్న బేకరీ, అది ఒక ప్రొఫెసర్‌ది, కేకులు బిస్కెట్ల మీద బొమ్మలు వేసే ఇంక్‌జెట్ పద్ధతి అప్పటికే వాడుతోందని తేలింది. 2004కల్లా ఆ కంపెనీ చిప్స్ బ్రాండ్ ప్రింగిల్స్‌లో 'ప్రింగిల్స్ ప్రింట్స్' మార్కెట్లో ఉన్నాయి.

ఈ కథను 'బేకరీ దొరికింది' అన్న దగ్గర ఆపేస్తారు. అసలు పని దానికి ముందూ తర్వాతా ఉంది. సమస్యలను రాయడానికి, దేశదేశాల్లో వెతకడానికి కంపెనీ 70 మంది సీనియర్లను ప్రత్యేకంగా పెట్టింది. బయటి నుంచి వచ్చినదాన్ని కూడా తమ ల్యాబ్‌లో పుట్టినదానితో సమానంగా తూచింది. 'మా దగ్గర పుట్టనిది మాకొద్దు' అనే మొండితనం ఇంజనీర్లలో చాలాచోట్ల ఉంటుంది. దాని వెనక అహం ఒక్కటే కాదు, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ కూడా ఉంటుంది. ఆ టెన్షన్ తీర్చకుండా పోర్టల్ పెడితే వచ్చిన దరఖాస్తులు ఎవరి మెయిల్‌బాక్స్‌లోనో ఆగిపోతాయి.

సమస్యను రాసే తీరులో ఇంకో సూక్ష్మం ఉంది. మందుల కంపెనీ ఎలై లిల్లీ 2001లో మొదలుపెట్టిన ఇన్నోసెంటివ్ వేదికలో, కంపెనీలు పేరు దాచుకుని సమస్యలు పెట్టవచ్చు. 26 కంపెనీల లోపల తేలని 166 సమస్యలను పరిశోధకులు పరిశీలిస్తే, దాదాపు 30 శాతానికి అక్కడ పరిష్కారం దొరికింది. సమస్యకు దూరపు రంగాలవాళ్ళకే పరిష్కరించే అవకాశం ఎక్కువగా కనిపించడం ఆశ్చర్యం కలిగించిన విషయం. అలాస్కాలో ఒలికిపోయిన ముడిచమురును పడవల్లోకి తోడాక, అది నీటితో కలిసి చలికి ముద్దకట్టేది, పంపు చేయడం కష్టమయ్యేది. దారి చూపింది చమురు నిపుణుడు కాదు, కాంక్రీటు పని తెలిసిన ఒక వ్యక్తి. పోసిన కాంక్రీటు బిగుసుకుపోకుండా కదిలించే వైబ్రేటర్‌నే ఇక్కడా వాడొచ్చన్నాడు. సమస్యను చమురు రంగం పరిభాషలో రాసి ఉంటే ఆయన దాకా చేరేదే కాదు.

## గెలిచినా వాడనిది

నెట్‌ఫ్లిక్స్ పోటీ దీనికి ఎదురు ఉదాహరణ. సినిమాల సిఫార్సు పద్ధతిని 10 శాతం మెరుగుపరిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తామని 2006లో ప్రకటించి, 10 కోట్ల రేటింగ్‌లను పేర్లు తీసేసి బయటపెట్టింది. 40 వేలకు పైగా టీములు చేరాయి. 2009లో రెండు టీములు ఒకే స్కోరు సాధిస్తే, 20 నిమిషాలు ముందు పంపిన టీముకు బహుమతి దక్కింది.

గెలిచిన ఆ పూర్తి పద్ధతిని మాత్రం కంపెనీ వాడలేదు. వందకు పైగా అల్గారిథమ్‌లను కలిపిన ఆ కూర్పును అమలులో పెట్టే శ్రమకు తగ్గ లాభం లేదని 2012లో దాని ఇంజనీర్లు వివరించారు. ఈలోగా వ్యాపారం కూడా డీవీడీల నుంచి స్ట్రీమింగ్‌కు మారింది. మధ్యలో 2007లో వచ్చిన ఒక మెరుగుదల మాత్రం వాడుకలోకి వెళ్ళింది. పైగా పేర్లు తీసేసిన ఆ డేటాను వేరే వెబ్‌సైట్‌లోని బహిరంగ రేటింగ్‌లతో పోల్చి కొందరు మనుషులను గుర్తుపట్టవచ్చని ఇద్దరు పరిశోధకులు చూపించారు. కేసు పడింది. రెండో పోటీ 2010లో రద్దయింది. డేటా తెరిచేటప్పుడు అందులో ఉన్న మనుషుల అనుమతి ఏమిటన్న ప్రశ్న అప్పటి నుంచి ప్రతి పోటీ వెంటా వస్తోంది.

## హక్కు ఎవరి చేతికి

ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన ఎవరిది? 1980కి ముందు అమెరికాలో అది ఎక్కువగా ప్రభుత్వానిది. అప్పటికి ప్రభుత్వం దగ్గర దాదాపు 28 వేల పేటెంట్లుంటే, వ్యాపారంలోకి లైసెన్స్ అయినవి 5 శాతం లోపేనని అంచనా. ఆ ఏడాది వచ్చిన బే-డోల్ చట్టం విశ్వవిద్యాలయాలకే పేటెంట్ హక్కు ఇచ్చింది. క్యాంపస్‌ల చుట్టూ స్టార్టప్‌లు పెరగడంలో దాని పాత్ర పెద్దది. మరోవైపు, ప్రజల పన్నులతో మొదలైన మందు ఒకే కంపెనీ గుత్తాధిపత్యంలోకి వెళ్ళి ధర పెరిగితే ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చన్న వాదన ఒకటుంది. చట్టంలో జోక్యానికి నిబంధన కూడా ఉంది. దశాబ్దాల పాటు దాన్ని ఒక్కసారీ వాడలేదు.

కంపెనీలు పేటెంట్లు వదిలే సందర్భాలు కూడా ఒకేలా ఉండవు. వోల్వో 1959లో తెచ్చిన మూడు బిందువుల సీటు బెల్టును మిగతా కార్ల కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది, అందులో ప్రాణరక్షణ ప్రధానం. టొయోటా 2015లో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌కు (హైడ్రోజన్ నుంచి కారుకు కరెంటు తయారుచేసే పరికరం) సంబంధించిన 5,680 పేటెంట్లను ఉచితంగా ఇస్తామన్నప్పుడు వ్యాపార అవసరమే ముందుంది. హైడ్రోజన్ నింపే స్టేషన్లు రావాలంటే రోడ్డు మీద చాలా కంపెనీల కార్లుండాలి, ఒక్క టొయోటా వల్ల ఆ మార్కెట్ ఏర్పడదు. ఇక ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 2023లో విడుదల చేసిన లామా 2 ఏఐ మోడల్ లైసెన్స్‌లో, నెలకు 70 కోట్లకు పైగా వాడకందారులున్న కంపెనీలు విడిగా అనుమతి తీసుకోవాలన్న షరతుంది. చిన్నవాళ్ళకు తెరిచి, నేరుగా పోటీపడగల పెద్దవాళ్ళకు మూసిన తలుపు అది. తప్పని కాదు, కానీ దాన్ని ఓపెన్ సోర్స్ అనడం సరికాదు.

## మొదటి కస్టమర్ కరువు

చిన్న కంపెనీల వైపు నుంచి చూస్తే హ్యాకథాన్ బహుమతి పెద్ద సంగతి కాదు. శనాదివారాలు నిద్ర మానుకుని చేసిన పనికి చెక్కు, ఫొటో వస్తాయి. తర్వాత 'పైలట్', అంటే ప్రయోగాత్మకంగా వాడి చూడడం, అంటారు. పైలట్ ఆరు నెలలు ఉచితంగా నడుస్తుంది. చివరికి కొనుగోలు విభాగం మూడేళ్ళ టర్నోవర్ అడుగుతుంది. ఇన్నోవేషన్ విభాగం పిలిచినవాళ్ళను కొనుగోలు విభాగం గేటు దగ్గరే ఆపేస్తోందన్నమాట. పోటీలో వందమంది పాల్గొంటే తొంభై తొమ్మిది మంది శ్రమకు ఎవరూ డబ్బివ్వరన్నదీ ఈ లెక్కలో చేర్చాల్సిన ఖర్చే.

అమెరికా 1982లో దీనికొక మార్గం పెట్టింది. పెద్ద ఫెడరల్ సంస్థలు తాము బయటి పరిశోధనకు ఇచ్చే నిధుల్లో కొంత వాటా చిన్న కంపెనీలకే కేటాయించాలి. 0.2 శాతంతో మొదలైన ఆ వాటా 2017 నాటికి 3.2 శాతానికి చేరింది. ఆలోచన పనిచేస్తుందో లేదో చూడడానికి మొదటి విడత, నమూనా తయారీకి రెండో విడత డబ్బు ఇస్తారు, బదులుగా కంపెనీలో వాటా అడగరు. ఫోన్ చిప్‌లు తయారుచేసే క్వాల్‌కామ్ తొలినాళ్ళలో ఈ నిధులు అందుకున్న కంపెనీల్లో ఒకటి. యూరోపియన్ యూనియన్ 2014లో కొనుగోలు నియమాలు మార్చి, కొత్తదాన్ని తయారుచేయించడం, తర్వాత కొనడం ఒకే ఒప్పందంలో పెట్టే వీలు కల్పించింది. తయారుచేసి ఇచ్చినవాళ్ళు మళ్ళీ టెండర్‌లో మొదటి నుంచీ నిలబడాల్సిన అవసరం తప్పింది.

కంపెనీల్లో బీఎండబ్ల్యూ 2015లో పెట్టిన స్టార్టప్ గ్యారేజ్ ఇలాంటి దారే పట్టింది. పెట్టుబడి పెట్టి వాటా తీసుకునే బదులు, స్టార్టప్ తయారుచేసిన తొలి నమూనాను డబ్బిచ్చి కొంటుంది. కొనుగోలు ఆర్డర్, సప్లయర్ నంబరు మొదటి రోజుల్లోనే చేతికొస్తాయి. కారు విభాగంలో దాన్ని వాడబోయే ఇంజనీరు ఎవరో కూడా అప్పుడే ఖరారవుతుంది.